కోసిన దూలం

భక్తపూర్‌లో మా వడ్రంగుల వీధిలో తీర్థలాల్ అంత నిక్కచ్చి పనివాడు లేడు. పెద్ద రంపానికి ఒక కొస అతను, రెండో కొస నేను, ఇరవై రెండేళ్ళు లాగాం. అందుకే అతని సంగతి చెప్పడానికి నాకు హక్కూ ఉంది, సిగ్గూ ఉంది.

కూతురు చిరీమాయను బేఖామాన్ కొడుక్కిచ్చాడు. వాళ్ళదీ మా కులమే గానీ రంపం వదిలేసి ధాన్యం కొట్టు పెట్టుకున్నారు. తండ్రి పోగానే బేఖామాన్, అన్న జుజుమాన్ వేరుపడ్డారు. మా ఊళ్ళో అన్నదమ్ములు ఇంటిని నిలువునా పంచుకుంటారు, కింది గడప నుంచి పైనున్న వంటగది దాకా. నడుమ గోడ లేస్తుంది, రెండో వాటాకు కొత్త మెట్లు పడతాయి. అంతవరకూ మామూలే. అంతస్తుకొకటిగా ఇల్లంతా పొడుగునా సాగే ఒంటి దూలాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఈ మహానుభావులకు అదీ పంచుకోవాలనిపించింది.

"వద్దు బావగారూ, దూలం కోస్తే ఇంటి నడుం విరిచినట్టే" అన్నాడు తీర్థలాల్.

"అన్న వైపు పుచ్చితే నా వైపుకి పాకదూ? కోసెయ్యి బావా. పిల్లనిచ్చిన ఇంటికి ఈమాత్రం చెయ్యలేవా? చేతకాదంటే చెప్పు, ఇంకోణ్ణి పిలుస్తా" అన్నాడు బేఖామాన్.

రేపు ఆ దెప్పులు పడాల్సింది కూతురు. తీర్థలాల్ పెద్ద రంపం తీశాడు. "పట్టరా" అన్నాడు నాతో. పట్టాను. మూడు దూలాలు కోసి, తెగిన కొసల కింద గుంజలు నిలబెట్టాం. "ఏం కాదులే అన్నా" అన్నాను. నా నాలుక తెగిపోనూ!

మా నేపాల్ లెక్కన విక్రమ శకం పంతొమ్మిది వందల తొంభై, మాఘం రెండో తేదీ. మధ్యాహ్నం ఆడవాళ్ళంతా ఎండకు వాకిట్లో కూర్చున్నారు. అత్త మినప్పప్పు తెమ్మంటే చిరీమాయ పైకెక్కింది. అప్పుడే భూమి కదిలింది. ఊరు ఊరంతా దుమ్ములో మునిగింది. ఆ దుమ్ము అణిగాక చూస్తే వాళ్ళకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళు గోడలు బీటలిచ్చి, పెంకులు రాల్చుకుని, నిలబడే ఉన్నాయి. నడుమ వీళ్ళదొక్కటే కుప్ప. గుంజల మీంచి దూలాల కొసలు జారిపోయాయి.

మూడో రోజు పిల్లను బయటికి తీశాం. చేతిలో గిన్నె అలాగే ఉంది.

నెల తిరక్కుండానే అన్నదమ్ములు ఆ కుప్ప మీద జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఇటుకలు ఎవరివెన్ని అని! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడు వీళ్ళకన్నా నయం. చివరికి తీర్థలాల్‌కు కబురు పెట్టారు.

"కోసింది నువ్వేగా బావా, హద్దెక్కడో నీకే తెలియాలి. తాడు పట్టి గీత కొట్టు" అన్నాడు బేఖామాన్.

తీర్థలాల్ రంగుతాడు తీశాడు. ఒక కొస నాకిచ్చి, రెండోది తను పట్టుకుని కుప్ప మీదికెక్కాడు. తాడు బిగించి మీటాడు. ఇటుకల మీద ఎర్రగా గీత పడింది.

"ఇదే హద్దు" అన్నాడు. "నా బిడ్డ తల ఇటు దొరికింది, కాళ్ళు అటు దొరికాయి. దాన్నెలా పంచుకుంటారో కూడా చెప్పండి, కోసిస్తాను."

అన్నదమ్ములు తలలు దించుకున్నారు. మర్నాడు పొద్దున ఎవరి వైపు ఇటుకలు వాళ్ళు ఏరుకున్నారు.