నాన్న దిద్దిన ఒక్క అంకె

ఆ సన్మానం నాకే వస్తుందని నాకు ముందే తెలుసు. ఇలా అంటే పొగరంటారు. అననివ్వండి. నేను పదకొండో తరగతిలో ఉండగా మా స్కూలు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. దేశంలోని హైస్కూలు పిల్లల్లో బాగా కవిత్వం రాసేవాళ్లను కొందరిని ఎంచి, ఢిల్లీకి పిలిచి గౌరవిస్తారట. ఏ భాషలోనైనా అయిదు కవితలు పంపాలి, పక్కన హిందీలో అర్థం రాయాలి. చదవగానే ఇది నా కోసమే అంటించారనుకున్నాను. బెంగాల్లోని మా ఖరగ్‌పూర్‌లో తెలుగులో కవిత్వం రాసే పదహారేళ్ల పిల్ల ఇంకొకతె ఉంటే చూపించండి మరి!

ఇంటికి పరిగెత్తి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు.

"కవితలకి కూడా పరీక్ష ఎడతన్నారేటే?"

"పరీక్ష కాదమ్మా, సన్మానం."

"సన్మానమా! ముందు ఆ ఫిజిక్సుకి సన్మానం సెయ్యి. మొన్న నీ మార్కులు సూసి మీ నాన్న రెండో ముద్ద ముట్టనేదు."

నాలుగు కవితలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. మా ఊరి పూరీ గేట్ దగ్గర చేపలమ్మే దీదీ మీద ఒకటి, రైల్వే వర్క్‌షాపు సైరన్ విని పొయ్యి మీది పప్పు దించే అమ్మ మీద ఒకటి, ఇంకో రెండు. అవి బాగానే ఉన్నాయి. కానీ గెలిచేది అయిదోదని నాకు తెలుసు. అది నాన్న మీద రాసింది.

మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి వర్క్‌షాపులో సుత్తి పట్టాడు. నాన్న చదువుకుని రైల్వే ఆఫీసులో గుమస్తా అయ్యాడు. ఆయనకు కాగితమంటే దేవుడితో సమానం. పాలవాడికి చీటీ రాసినా రెండు కాపీలు తీసి ఒకటి ఫైల్లో పెడతాడు. నాకు కొత్త చెప్పులు కావాలన్నా "త్రూ ప్రాపర్ ఛానెల్ రా అమ్మా" అనేవాడు. అంటే అమ్మ ద్వారా అడగాలని. ఇంట్లో ఆయన గొంతు నాలుగు క్వార్టర్ల అవతలికి వినిపిస్తుంది.

నా అయిదో ఏట ఒకరోజు నాన్న టిఫిన్ డబ్బా మర్చిపోయాడని అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. పెద్ద అధికారి గది గుమ్మం దగ్గర నాన్న ఫైలును గుండెలకు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. లోపల ఆ అధికారి ఫోనులో మాట్లాడుతున్నాడు. ఎదురుగా మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మేము ఎంతసేపు చూసినా నాన్న కూర్చోలేదు, గొంతు కూడా సవరించుకోలేదు. అంత గట్టి మనిషి అక్కడ అంత చిన్నగా ఎందుకున్నాడో నాకు అర్థం కాలేదు. ఒళ్లు మండింది. ఆ మంట చల్లారలేదు, పదకొండేళ్ల తర్వాత కవితయింది.

*ఫైలుకు బల్ల మీద చోటుంది,*
*తెచ్చిన మనిషికి కుర్చీ లేదు.*
*పదకొండేళ్లుగా మా నాన్న*
*ఆ గుమ్మానికి రెండో తలుపు.*

ఇంతవరకూ బాగానే ఉంది. దరఖాస్తు చివరి పేజీలో చిక్కొచ్చి పడింది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల కవితల మీద, చదివామని రాసి తల్లో తండ్రో ప్రతి పేజీలో సంతకం చేయాలట. అమ్మ చేత చేయిద్దామంటే, సంతకాలు నాన్న పని అని ఆవిడ పెన్ను ముట్టదు. నాన్నేమో చదవకుండా చచ్చినా సంతకం పెట్టడు.

అమ్మకు కవిత చదివి వినిపించాను. ఆవిడ చేటలో చెయ్యి అలాగే ఉండిపోయింది.

"బాగుంది గుంటా," అంది మెల్లగా. తర్వాత, "ఇది మాత్రం తీసీ. దేవుడి మీద రాసి ఎట్టు. మీ నాన్న సూత్తే తట్టుకోనేడు."

తీసేస్తే సన్మానం పోతుంది. ఉంచితే నాన్న మనసు విరుగుతుంది. రెండూ నావే, ఏది వదులుకోను? బుధవారం సాయంత్రం అయిదు కవితలూ నాన్న చేతిలో పెట్టాను. "శనివారం అయిదు గంటలకి గడువు నాన్నా, కంప్యూటర్లోంచి పంపాలి" అని చెప్పాను. ఆయన వాటిని అట్టల ఫైల్లో పెట్టి దారం కట్టి, "సూస్తాను" అన్నాడు.

గురువారం గడిచిపోయింది. శుక్రవారం అన్నం దగ్గర ధైర్యం చేసి అడిగాను.

"నాన్నా, నా ఫైలు ఏటయింది?"

"అండర్ కన్సిడరేషన్," అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా.

మామూలుగా అయితే నవ్వేదాన్ని. ఆ రోజు కంచం వదిలి లేచాను. భయమంటే ఏమిటో తెలియదని ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని నేను. మా నాన్నను దేశం ముందు నిలబెట్టడానికి నేనెవరిని? ఆయన ఆఫీసులో నిలబడింది చాలదా? పక్క మీద దొర్లుతూ నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తిట్ల మధ్యలో కూడా కవిత బాగుందనే అనిపించింది. ఏం చేస్తాం, బాగుంది మరి!

శనివారం మూడున్నరకు నాన్న ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. పేజీలకు నంబర్లు వేశాడు, మొదట్లో విషయసూచిక పెట్టాడు. ప్రతి పేజీ కింద "చదివితిని" అని రాసి సంతకం, తేదీ. అయిదో కవిత తీశాను. అంచున పెన్సిల్‌తో, ఆఫీసు ఫైల్లో రాసినట్టే, నోటు రాసి ఉంది:

"పరిశీలించడమైనది. విషయము వాస్తవము. అయితే పదకొండు సంవత్సరములు కాదు, పందొమ్మిది. సరిదిద్ది పంపవలెను."

రెండుసార్లు చదివాను. కళ్లకు మసకలు కమ్మాయి.

"కోపం రానేదా నాన్నా?"

"దేనికి? నన్ను నిలబడమని ఎవుడూ అన్నేదమ్మా. కూసోమనీ అన్నేదు. నేనూ అడగనేదు. అలగే అలవాటైపోనాది." వేలితో ఆ అంకె చూపించాడు. "గాని రాసినకాడ తప్పుండకూడదు. నువ్వు సూడకముందు ఎనిమిదేళ్లున్నాయి. నా సర్వీసులో ఎనిమిదేళ్లు కొట్టేస్తావేటి?"

నేను ఏడుస్తూ నవ్వాను. అమ్మ వంటింట్లోంచి "అక్కడ ఏటయింది?" అని అరుస్తూనే ఉంది.

అంకె దిద్ది కొత్త పేజీ రాశాను, నాన్న మళ్లీ సంతకం చేశాడు. ఇద్దరం స్కూటర్ మీద ఝపటాపూర్ బజారులో జిరాక్సు షాపుకి పరిగెత్తాం. స్కాను చేసి పంపేసరికి అయిదుకు పది నిమిషాలుంది. నేను కంగారుతో మీటలు నొక్కుతుంటే షాపు నడిపే బెంగాలీ దాదా "ఆస్తే, ఆస్తే" అని నన్ను నెమ్మదించమంటూ నాన్న వైపు స్టూలు జరిపాడు. నాన్న కూర్చోలేదు. ఫైలు పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు.

కొన్ని నెలలకు ఎంపికయ్యానని కబురొచ్చింది. నేను చెప్పలేదూ? ఫిజిక్సుకి సన్మానం చెయ్యమన్న మా అమ్మే క్వార్టర్ల లైనంతా తిరిగి "మా గుంటకి ఢిల్లీలో సన్మానమట" అని చాటింపు వేసింది. నాన్న మూడు వారాల ముందే సెలవు చీటీ ఇచ్చాడు, దానికీ రెండు కాపీలు తీశాడు.

ఢిల్లీలో హాలు పెద్దది. తల్లిదండ్రులకు ముందు వరసలో కుర్చీలు వేశారు. అమ్మ దర్జాగా కూర్చుంది. నన్ను పిలిచారు. మైకు ముందుకెళ్లి చూస్తే అమ్మ పక్క కుర్చీ ఖాళీ. నాన్న హాలు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అసలు కాగితాలు ఎవరైనా అడుగుతారేమోనని ఊరి నుంచి మోసుకొచ్చిన ఫైలు ఆయన గుండెల మీద ఉంది.

నాకు మళ్లీ ఒళ్లు మండింది. అయిదేళ్ల పిల్లనప్పుడు నోరు పెగల్లేదు. ఇప్పుడు చేతిలో మైకు ఉంది.

"నాన్నా, కూసో," అన్నాను.

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. నాన్న కంగారుపడి, చదువు చదువు అన్నట్టు చేయి ఊపాడు.

"నువ్వు కూసుంటేనే సదువుతాను."

నిర్వాహకులు ముఖముఖాలు చూసుకున్నారు. నేను కదల్లేదు. నాన్న అటూ ఇటూ చూశాడు. ఎవరూ వద్దనలేదు. మెల్లగా నడిచొచ్చి అమ్మ పక్కన, కుర్చీ అంచున కూర్చున్నాడు. అమ్మ ఆయన చేతిలోంచి ఫైలు లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది. అప్పుడాయన వెనక్కి ఆనుకున్నాడు.

నేను చదివాను. పందొమ్మిదేళ్లు అన్నచోట నాన్న తలాడించాడు, అంకె సరిపోయిందన్నట్టు.