చెప్పులడిగిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని మోత్కూరు నుంచి ఫోన్ వచ్చింది. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు టెంటు వేసి ఉంది. ఊరూరా తిరిగే ఒక ప్రసంగీకుడు మైకు పట్టుకుని, దవాఖాన గడప తొక్కకుండానే ప్రభువు దగ్గరికి వెళ్ళిన విశ్వాసురాలని ఆమెను పొగుడుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. మా పెద్దమ్మ అలాంటి మనిషి కాదు.

ఏ కష్టమొచ్చినా ఆమె ముందు మోకరించేది. ప్రార్థన మాత్రం చాలా చిన్నది. "తండ్రీ, ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు. జర తెలివియ్యి." ఆమెన్ అనగానే లేచి చెప్పులు వేసుకునేది. మొగుడు కొట్టాడని పక్కింటి పిల్ల ఏడుస్తూ వస్తే, అలాగే ప్రార్థన చేసి, ఆ పిల్లను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషనుకు నడిచింది. ఓర్చుకోమని చెప్పాల్సిందని సంఘపెద్దలు గొణిగారు. మీ బిడ్డకైతే అలాగే చెబుతారా అని అడిగింది.

మా పిల్లవాడికి జ్వరం ముదిరినప్పుడు మమ్మల్ని ఆటో ఎక్కించింది కూడా ఆమే. దవాఖాన దాకా పిల్లవాడి తల మీద చెయ్యి తీయకుండా ప్రార్థిస్తూనే ఉంది. దిగేటప్పుడు నాతో అంది: "ప్రార్థన చేసి కూసుంటే దేవునికి పని చెప్పినట్టు, బిడ్డా. లేచి నడిస్తే ఆయన చెప్పింది విన్నట్టు."

అలాంటి మనిషి దవాఖాన వద్దందంటే నేనెట్లా నమ్మేది? లోపలికి వెళ్ళి ఆమె కోడలిని, మా వదినను అడిగాను. వదిన తలుపు దగ్గరగా వేసింది.

"ఎదల నొస్తాంది, ఆటో పిలువుండ్రి అన్నది. ప్రార్థనకొచ్చిన గా మైకు అయ్యగారు అవిశ్వాసం మాట్లాడొద్దన్నడు. నా చెప్పులన్న ఇయ్యుండ్రి, నేనే పోత అన్నది. మీ అన్న చెప్పులు మంచం కిందికి తోసిండు."

వంగి చూశాను. గోడకు ఆనుకుని ఉన్నాయి. తీసుకుని బయటికొచ్చి, గడప అవతల, వీధి వైపు తిప్పి పెట్టాను. నాకు మైకు అవసరం కాలేదు.

"పెద్దమ్మ చెప్పులడిగింది. మీరియ్యలే."

అన్న తల దించుకున్నాడు. ప్రసంగీకుడు గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దామన్నాడు. అందరూ మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నాకు మోకరించడం నేర్పింది ఆమే, లేవడం నేర్పిందీ ఆమే. ఎండలో ఆ చెప్పులనే చూస్తూ నిలబడ్డాను. తెగిన ఎడమ పట్టీకి ఆమె పెట్టుకున్న పిన్నీసు మెరుస్తోంది.