చూసింది పైన, విన్నది కింద

కరుణమ్మకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పొయ్యి మీద జొన్నసంకటి కుతకుతలాడుతుంటే తెడ్డు చేతిలో ఉండగానే వీధిలోకి తొంగిచూసేది. బండి చప్పుడు వినపడిందంటే ఆ బండి ఏ ఊరిదో, అవతల ఏం జరిగిందో తెలిసిందాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. దాని అరికాళ్ళలో నిప్పులు పోసి పుట్టించాడే ప్రభువు అని పక్కింటి ముసలి పున్నమ్మ నవ్వేది. మొగుడు అబ్రహాము గుడిగంట కొట్టేవాడు, నెమ్మదస్తుడు. పెళ్ళాం ఎటు పోయిందని ఎవరైనా అడిగితే, బండి ఎటు పోయిందో అటే పోయి ఉంటుందనేవాడు.

మాచవరం నుంచి బండిబాట పట్టుకుని పోతే వచ్చే చిన్న ఊరు వాళ్ళది. యుద్ధం రోజులు. కిరసనాయిలు కంట్రోలు, గుడ్డ కంట్రోలు. డిపోకు సరుకొచ్చిన సంగతి ఊరవతల ఉన్న వాళ్ళ పల్లెకు తెలిసేసరికి పీపా అడుగంటేది. ఊరికంతా పేపరు ఒక్కటే, కామందు వెంకట్రామయ్యగారి అరుగు మీదికి వచ్చేది. ఆయన తాను చదివిన దాంట్లో చెప్పబుద్ధయింది చెప్పేవాడు. అరుగు కింద ఎండలో నిలబడి వినేది కరుణమ్మ. నరసరావుపేట మిషను బోర్డింగులో ఉండి చదువుకున్న మనిషి, అయినా ఆ కాగితం ఎప్పుడూ ఆమె చేతికి రాలేదు. వినగా వినగా ఆమెకు ఒకటి తోచింది. అందులో బర్మా ఉంది, జర్మనీ ఉంది. రేపు డిపోలో కిరసనాయిలు ఇస్తారన్న ముక్క మాత్రం లేదు.

పల్నాట్లో నాపరాయికి కొదవ లేదు. గోడలూ అరుగులూ గొడ్ల చావిళ్ళూ అన్నీ ఆ బండలే. గుడి కట్టగా మిగిలిన నల్లటి బండనొకదాన్ని మొగుడి చేత బాట పక్కన నిలువునా పాతించింది కరుణమ్మ. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు బండి తోలే మౌలాలీ వచ్చినప్పుడల్లా సుద్దగడ్డ తెచ్చిచ్చేవాడు. ఆ బండే పల్లెకు పేపరయింది. డిపో సంగతి, సంతలో మిరపకాయల ధర, ఏ ఊళ్ళో మశూచి తగిలింది, ఎవరి గేదె తప్పిపోయింది, అన్నీ దానిమీదికెక్కేవి. చదువు రానివాళ్ళు పొద్దువాలే వేళకు వచ్చి కూర్చుంటే ఆమే చదివి వినిపించేది.

బండ నడుమ మేకుతో అడ్డంగా ఒక గీత గీసింది. కళ్ళారా చూసింది గీతకు పైన. చెవిన పడింది గీతకు కింద. ఎవరు వార్త తెచ్చినా ఆమె మొదట అడిగే మాట ఒకటే, చూశావా, విన్నావా? పైన రాసిందాన్ని నమ్మి జనం పనులు మానుకునేవారు, పనులకు పోయేవారు. కింద రాసిందాన్ని విని తల ఊపి ఇంటికి పోయేవారు.

యుద్ధం ఆఖరు వేసవిలో పల్లె బావి ఎండిపోయింది. వెంకట్రామయ్యగారి మోటబావి ఒక్కటే దిక్కు. ఎద్దులు మోట లాగుతుంటే తొట్టిలో పడే నీళ్ళను పల్లె ఆడవాళ్ళు కడవలకు పట్టుకునేవారు. తొట్టి దాకా రావచ్చు. బావి గట్టు మాత్రం ఎక్కకూడదు. అది తాతలనాటి కట్టడి. తరతరాలుగా ఆ నీళ్ళు తాగి పెరిగిన పల్లెలో బావి లోపల ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఒక పొద్దున మోట ఆగింది. పల్లెవాడే అయిన బ్రహ్మానందం వగర్చుకుంటూ వచ్చి, బావిలో దూడ పడి చచ్చిందని, ఉబ్బి తేలుతోందని చెప్పాడు. కరుణమ్మ అలవాటుగా అడిగింది, చూశావా, విన్నావా అని.

"చూసినట్టే అక్కా. పాలేరు గట్టుమీద నిలబడి చెప్పాడు."

ఆ "చూసినట్టే" దగ్గర ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పోయి చూద్దామంటే గట్టెక్కనియ్యరు. ఆగుదామంటే అవతల ఆడవాళ్ళు తొట్టిలో మిగిలిన నీళ్ళకోసం కడవలెత్తుకుని బయల్దేరుతున్నారు. సుద్ద గీత మీద అటూ ఇటూ ఆడి, పైకే పోయింది.

కడవలు వాగుకు మళ్ళాయి. వాగులో మడుగులే మిగిలాయి. ఎగువ ఊళ్ళలో వాంతుల జబ్బు గత్తర తగిలిందనీ, జబ్బుపడ్డవాళ్ళ గుడ్డలు అక్కడే ఉతుకుతున్నారనీ అదే బండ మీద, గీతకు కింద, రెండు రోజుల నుంచీ ఉంది. కింద ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

మర్నాడు మధ్యాహ్నానికి పున్నమ్మకు వాంతులు పట్టుకున్నాయి. ముసలిదాని కళ్ళు గుంటలు పడ్డాయి. కాచిన గంజి చెంచాతో పోస్తూ కూర్చుంది కరుణమ్మ. కూర్చోలేక లేచింది, లేచి మళ్ళీ కూర్చుంది. అంతలో కామందుగారి కబురు వచ్చింది. తన బావిని అల్లరిపెట్టిన బండను రేపు పొద్దున పీకించి గొడ్లచావిడి కాలవమీద కప్పిస్తాడట. ఆ రాత తుడిచేసి ఊరుకొమ్మన్నాడు అబ్రహాము.

"తుడిస్తే వాగుకు పోవటం మానతారా?" అంది కరుణమ్మ. గంజి గిన్నె అతని చేతికిచ్చి మోటబావి వైపు నడిచింది.

బావి దగ్గర వెంకట్రామయ్యగారి భార్య హనుమాయమ్మ ఉంది. కరుణమ్మను చూడగానే మండిపడింది.

"నా బావిలో దూడ చచ్చిందని రాశావంటగా. ఎప్పుడు చూశావే?"

"చూళ్ళేదమ్మగారూ."

"చూడకుండానే పైన రాశావా? ఇదేనా నీ పేపరు?"

"తప్పే. కానీ ఎట్టా చూసేది? గట్టెక్కనిస్తే గదా."

 హనుమాయమ్మ పాలేరును కేకేసి ఎద్దులకు చొప్ప వెయ్యమని అటు పంపింది. ఎవరూ లేరని చూసుకుని, "ఎక్కు. చప్పున చూసి దిగు. ఎక్కావని ఎవరితోనూ అనబాక. నా కాపురం నిప్పులవుద్ది" అంది.

కరుణమ్మ గట్టెక్కింది.  లోపల రాతి సందుల్లో పావురాళ్ళు, అడుగున ఆకాశమంత తేట నీళ్ళు. వాటిమీద నల్లగా ఉబ్బి తేలుతోంది తెగిపడిన మోట తోలుబాన. మోకు తెగి మోట ఆగింది, కొత్త మోకు ఇంకా కట్టలేదు. అంతే. దూడా లేదు, ఏమీ లేదు.

తిరిగివచ్చి పైన రాత తుడిచి కొత్తది రాసింది. నిన్న ఇక్కడ రాసింది నేను చూడలేదు, అది తప్పు. మోటబావి నీళ్ళు తేటగా ఉన్నాయి. తేలేది తోలుబాన. వాగు నీళ్ళు తాగవద్దు. చుట్టూ చేరిన జనానికి చదివి వినిపించింది. ఎవరూ కదల్లేదు. బ్రహ్మానందం ముందుకు వచ్చాడు. నిన్న అడిగించుకున్నవాడు ఇవాళ అడిగాడు.

"చూశావా అక్కా, విన్నావా?"

"చూశా."

"ఎట్టా చూశావు? తొట్టి దగ్గర నిలబడితే బావి అడుగు కనపడిద్దా?"

హనుమాయమ్మ మాట చెవిలో మోగుతోంది. ఎదురుగా ఒక పిల్ల చంకలో కడవతో వాగు వైపు చూస్తోంది. కరుణమ్మ మళ్ళీ బండ వైపు తిరిగింది. గట్టెక్కి చూశాను, అని రాసింది. ఆ మాట చదివి వినిపించలేదు. చదవగలిగిన వాళ్ళు పక్కవాళ్ళకు మెల్లగా చెప్పారు. కాసేపటికి ఆ పిల్ల కడవ దించింది.

పొద్దున్నే కామందు బండి తోలుకుని వచ్చాడు. వెంట గునపాలతో ఇద్దరు. బండ చుట్టూ పల్లె అంతా ఉంది. ఆయన నిదానంగా చదివాడు. గట్టెక్కిన మాట దగ్గర కళ్ళు ఆగిపోయాయి.

"ఎవరెక్కమన్నారే?"

"ఎక్కింది నేనండీ. నేను చూసిందే రాశా. ఇంకోళ్ళ సంగతి నేను రాయలా."

ఆయన మీసం మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయాడు. రెండు రోజులుగా కూలీలు ఆయన చేలో అడుగుపెట్టలేదు. ఆ నీళ్ళు తాగాల్సి వస్తుందని ఒక్కరూ రాలేదు. ఆయన బావి మంచిదని చెప్పేది ఇప్పుడు లోకంలో ఆ బండ ఒక్కటే. దాన్ని పీకిస్తే ఆ మాటా పోతుంది.

"అది చెరిగిందాకా ఉండనీండిరా. చెరిగినాక పీకుదాం" అని, పోయి మోటకు కొత్త మోకు కట్టమని చెప్పి, బండి తిప్పించాడు.

పున్నమ్మ బతికింది. చిక్కి పుల్లయింది గానీ నోరు చిక్కలేదు. కర్ర పట్టుకుని బండ దగ్గరికి రోజూ వచ్చేది. తొలకరి పడ్డాక ప్రతి వానకూ బండ మీది రాతలు కడుక్కుపోయేవి. కిందివీ పైవీ అన్నీ పోయేవి. గట్టెక్కి చూశాను అన్న ఆ ఒక్క పంక్తి మాత్రం వాన వెలిసేసరికి మళ్ళీ ఉండేది. అక్షరాలు రోజుకొక తీరు. ఒకనాడు వంకరటింకరగా, ఇంకోనాడు బండ నిండుగా. కరుణమ్మ రాసినవి కావు. ఎవరు రాస్తున్నారని ఆమె అడగనూ లేదు. ఒకరోజు మాత్రం చూసింది. తన జన్మలో అక్షరం రాయని పున్నమ్మ, నాపరాయి మీద మిగిలిన తెల్లటి చారల వెంబడే సుద్ద లాగుతోంది.

"ఏందవ్వా, నువ్వా?"

"చెరిగితే పీకుతానన్నాడు గదా మీ కామందు. చెరగనీ చూద్దాం." సుద్ద ఆపకుండానే అంది ముసలిది. "నీ రాత మింగబోయింది నన్ను. ఇదన్నా నా చేత్తో ఉండనీ."

కరుణమ్మ నవ్వబోయింది. అంతలో బాట మలుపులో బండి చప్పుడయింది. మౌలాలీదో మరెవరిదో. ఆమె అప్పటికే సగం దూరం పోయింది.