అక్క చంకలో నా మొదటి బడి

నిన్న భిక్నూర్ దగ్గర ఒక చిన్న పిల్ల తన తమ్ముణ్ణి చంకనెత్తుకొని రోడ్డు దాటుతోంది. బరువుకు ఒక పక్కకు ఒరిగిన ఆ నడక చూడగానే మా అక్క గుర్తొచ్చింది. ఇంటికి చిన్నవాళ్లుగా పుట్టిన మీకూ ఆ చంక గుర్తుండే ఉంటుంది.

ఎల్లారెడ్డి పట్టణం పక్కన మా ఊరు. చెరుకు కోతలప్పుడు అమ్మా బాపూ తెల్లవారకముందే పనికి పోయేవాళ్లు. నన్ను చూసుకోవడం ఇంటికి పెద్దదైన అక్క వంతు. ఆమె బడి మానలేదు. నన్నెత్తుకొని వెళ్లి, తరగతి కిటికీ బయట నిలబడి పాఠం వినేది. ఆమె జడకు రాసుకున్న కొబ్బరినూనె వాసన నాకింకా గుర్తుంది.

ఒకరోజు సారు చూసి, "ఇంటికాడ ఎవ్వరు లేరా?" అని అడిగారు.

"లేరు సార్. చెల్లె ఏడ్వది. ఏడిస్తే నేనే తీస్కపోత. లోపల కూసోనియ్యిండ్రి," అంది అక్క.

ఆయన ఇద్దరినీ లోపలికి రమ్మన్నారు. బడి వయసు రాకముందే నేను అక్క ఒడిలో, అక్క పలక మీదే అక్షరాలు దిద్దాను.

నిన్న రాత్రి అక్కకు ఫోన్ చేసి, "నాతోని నీకు కష్టమనిపియ్యలేదా అక్కా?" అని అడిగాను.

"కష్టమేందే? నువ్వు చంకల ఉన్నవనే సారుతోని అంత ధైర్యంగ మాట్లాడిన. ఒక్కదాన్నే ఉంటే భయపడి ఇంటికి ఉరికేదాన్ని," అంది.