పిల్లి అని చెప్పాను

ఇరవై ఏళ్ళు దాటింది, ఈ మాట నా గొంతులోనే ఉండిపోయి. మా ఆయనకు చెప్పలేదు. చెప్పకముందే ఆయన పోయారు. మీరెవరో తెలియదు కాబట్టే ఇప్పుడు మీకు రాసి చెప్పగలుగుతున్నానేమో.

నన్ను రెండో సంబంధానికి ఇచ్చారు. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి జంషెడ్‌పూర్ వచ్చేసరికి, బారిడీహ్‌లోని కంపెనీ క్వార్టర్‌లో అత్తగారు, తొమ్మిదేళ్ళ సవతి కూతురు సుజాత ఉన్నారు. కుందేలు పిల్లల్లా ఉండే దాని పెంపుడు గినీ పిగ్‌లు రెండు. తెల్లది చీకూ, గోధుమ రంగుది భూరూ. సుజాత నన్ను పిన్నీ అని కూడా పిలిచేది కాదు. ఏం కావాలన్నా గోడకు చెప్పినట్టు హిందీలో చెప్పేది. సవతి తల్లి పిల్లను ఎలా చూస్తుందోనని ఇరుగుపొరుగంతా నన్నే గమనిస్తున్నట్టుండేది. అన్నం మాడితే భయం. పిల్ల ఏడిస్తే ఇంకా భయం.

గినీ పిగ్‌లు రెండూ మగవి. చిన్నప్పుడు కలిసే ఉండేవట. ఎదిగాక కొట్టుకోవడం మొదలుపెడితే మా ఆయన వరండాలో రెండు చెక్కపెట్టెలకు జాలీ కొట్టి వేరు చేశారు. నాతో గట్టిగానే చెప్పారు: "రెంటినీ ఎప్పుడూ కలపకు. పళ్ళు పటపటమనిపిత్తే కోపమొచ్చినట్టు. కొట్టుకుంటే సెయ్యి పెట్టకు, కరిసేత్తాయి. మీద తువ్వాలు ఎయ్."

ఒక చలికాలం ఉదయం. ఆయన డ్యూటీకి, సుజాత స్కూలుకి వెళ్ళారు. అత్తగారు పక్కింట్లో ఉన్నారు. చీకూ పెట్టె కడగాలి, దాన్ని ఎక్కడ ఉంచను? కాసేపే కదా అని భూరూ పెట్టెలో వదిలాను. మరిచిపోయి కాదు. ఆయన మాట గుర్తుండే చేశాను. రెండూ పళ్ళు పటపటలాడించాయి. చలికేమో అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, అలా అనుకుంటే నాకు సుఖంగా ఉంటుందనా? అంతలో కుళాయిలో నీళ్ళొచ్చాయి. బకెట్లు నింపడానికి లోపలికి వెళ్ళాను.

కీచుమన్న అరుపు విని పరుగెత్తుకొచ్చేసరికి రెండూ ఒకే ఉండలా దొర్లుతున్నాయి. తువ్వాలు వేసి చీకూని లాగాను. వెనక తొడ పైన, బొచ్చు మధ్య, చిన్న కాటు. నెత్తురు కొంచెమే. పసుపు అద్ది, మీద బొచ్చు దువ్వి కప్పేశాను. దాన్ని దాని పెట్టెలో పెట్టి, బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే చెప్పి ఉంటే? పశువుల డాక్టరు రిక్షా దూరంలోనే ఉండేవాడు. గాయం పైకి మానింది, లోపల చీము పట్టింది. చీకూ తిండి మానేసింది. సుజాత కొత్తిమీర కాడలు దాని నోటి దగ్గర పెట్టి బతిమాలుతుంటే నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. ఇవాళ తినేస్తుందిలే, ఇవాళ తినేస్తుందిలే అని నాకు నేనే చెప్పుకుంటూ, అది కదిలిందా లేదా అని రోజుకెన్నిసార్లు దొంగచాటుగా వరండాలోకి తొంగిచూశానో నాకే తెలియదు. చివరికి మా ఆయన ఎత్తి చూసేసరికి చేతికి గడ్డ తగిలింది.

నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు గడ్డ కోసి చీము తీశాడు. ఆలస్యమైందన్నాడు. ఏది కరిచిందని ఎందుకో నన్నే అడిగాడు. నాకొచ్చిన కాస్త హిందీలో "బిల్లీ" అన్నాను. పిల్లిని మీరు చూశారా అన్నాడు. తల ఊపాను, కరిచిందని తెలియలేదన్నాను. డాక్టరు నా ముఖంలోకి చూశాడు. ఇది పిల్లి కాటు కాదని ఇప్పుడు అనేస్తాడు అనుకున్నాను. తల దించి మందు చీటీ రాశాడు. మర్నాటికి చీకూ పోయింది.

పెరట్లో గొయ్యి తవ్వుతూ మా ఆయన అన్నారు: "పిల్లి ఎలగొచ్చినాది? వరండా తలుపు ఎవులు తీసీసినారు?"

అప్పుడైనా నోరు విప్పాల్సింది. పిల్లే లేదు. ఆ ఉదయం తలుపు గడియ పెట్టే ఉంది.

"మైనే, పప్పా," అంది సుజాత. "స్కూల్‌కి వెళ్తూ నేనే గడియ పెట్టలేదేమో. గల్తీ నాదే."

ఆ పిల్ల వచ్చి నా చీర పట్టుకుంది. "అమ్మా, నన్ను తిడతావా?"

నన్ను అమ్మా అనడం అదే మొదటిసారి.

"లేదమ్మా, తిట్టను," అన్నాను.

చేయని తప్పుకు ఆ పిల్లను నేను క్షమించాను. అంతకన్నా పెద్ద పాపం ఉందా? ఆ మర్నాడు చెప్పవచ్చు. చెబితే ఆ పిలుపు పోతుందేమో. పోగొట్టుకోవడానికి ఒకటి దొరికాక నా భయం తగ్గలేదు, పెరిగింది.

సుజాత ఇప్పుడు రాంచీలో ఉంటోంది. ఈ మధ్య దాని కూతురు కుందేలు కావాలని గొడవ చేసిందట. "వద్దన్నానమ్మా," అంది ఫోన్లో. "నా చేతిలో ప్రాణులు బతకవు." ఎంత మామూలుగా అందో. నేను "పోనీలే" అన్నాను. మళ్ళీ అదే పని చేశాను.

మీరు నన్ను ఓదార్చవద్దు. సుజాతతో చెబుతానని కూడా మీకు మాట ఇవ్వలేను. పిల్లి రాలేదు. తలుపు సుజాత వేసే వెళ్ళింది. భూరూ దగ్గర చీకూని వదిలింది నేను. ఈ మాటలు ఒకదాని పక్కన ఒకటి నేను చూడడం ఇదే మొదలు. భయం పోలేదు. ఊపిరి మాత్రం కాస్త లోపలిదాకా దిగుతోంది.