"పట్టిన సార్" అన్న ఒక్క మాట

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, తార్నాకలో ఈ చిన్న సంఘానికి కాపరిగా నిలబడ్డ నన్ను చూసి పుట్టుకతోనే భక్తిపరుడినని కొందరు అనుకుంటారు, కానీ నోరు తెరిచి ఒక్క పాట పాడలేకపోయిన నెలలు నా జీవితంలో ఉన్నాయి!

పీజీ చదివే రోజుల్లో క్రికెట్టే నా లోకం, క్యాంపస్ గ్రౌండ్‌లో నేను వికెట్ కీపర్ని. మ్యాచ్‌కి ముందు ప్రార్థన చేస్తానని అందరూ నన్ను "పాస్టర్" అని ఆటపట్టించేవారు, లోపల మాత్రం నాకు దేవుడికంటే గ్లవ్స్ అంటేనే ప్రాణం. యూనివర్సిటీ జట్టు ఎంపిక మ్యాచ్‌లో వారాసిగూడ నుంచి వచ్చిన సాయిలు అద్భుతంగా ఆడుతున్నాడు, అతని బ్యాట్ అంచుకు తగిలిన బంతి నేలను తాకి నా చేతుల్లోకొచ్చింది, అది అవుట్ కాదు, అయినా నేను గొంతు చించుకుని అప్పీల్ చేశాను. అంపైర్‌కి సరిగ్గా కనపడలేదు.

"ఏం పాస్టర్, పట్టినవా?" అని నన్నే అడిగాడు.

"పట్టిన సార్" అన్నాను.

పాస్టర్ అబద్ధమాడతాడా అని వేలెత్తేశాడు! సాయిలు బంతి పడ్డ చోటు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. జట్టులో అతనికి చోటు రాలేదు, నాకొచ్చింది.

ఆ ఆదివారం నుంచి ఆరాధనలో పాట అందుకోబోతే నా గొంతు పట్టేసేది, డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు, మా అమ్మ మిరియాల కషాయం తాగించింది, లోపలున్న అబద్ధానికి కషాయం ఏం చేస్తుంది చెప్పండి! ఒక మధ్యాహ్నం ఖాళీ గ్రౌండ్‌లో మోకరించి, "ప్రభువా, జట్టు పోతే పోనీ, సాయిలు ఇంటిదాకా నడిచే ధైర్యం నాకియ్యి" అని ఏడ్చాను. లేచి ముందు కోచ్‌కి చెప్పాను, ఆయన నన్ను జట్టులోంచి తీసేశాడు, అక్కడి నుంచి వారాసిగూడ వెళ్లాను.

సాయిలు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"బాల్ కింద పడ్డట్టే నాకు కనబడ్డదన్నా. గానీ నువ్వు పట్టిన అన్నవ్ గదా, నా కండ్లే మోసం చేసినయనుకున్న. అప్పటిసంది బ్యాట్ పట్టాలంటే డౌట్ వస్తున్నది."

సహోదరులారా, అతను నన్ను తిట్టినా బాగుండేది! "నీ కండ్లు కరెక్టే తమ్ముడూ, అబద్ధం నాది" అని చేతులు పట్టుకున్నాను. అతను నవ్వి, "గీ మాట చాలన్నా, లోపలికి రా, చాయ్ తాగు" అన్నాడు.

ఆ వారమే నా గొంతు విప్పాడు దేవుడు, ఆయనకే మహిమ! మరుసటి ఏడు సాయిలు జట్టులోకి వచ్చాడు, నేను బౌండరీ బయట చప్పట్లు కొట్టి, ఆ ఏడే దేవుని సేవ కోసం చదువుకోవడానికి వెళ్లాను, ఇప్పుడు తృప్తిగా ఉన్నాను.

ప్రియులారా, మనల్ని భక్తులని నమ్మినవాళ్లు మన అబద్ధం విని తమ కళ్లనే అనుమానిస్తారు. మీరు నిజం చెప్పాల్సిన మనిషి ఎవరైనా ఉంటే ప్రభువు మీద భారం వేసి ఈరోజే బయలుదేరండి. ఒంటరిగా వెళ్లడానికి భయమైతే నన్ను పిలవండి, గుమ్మం బయట నేను నిలబడతాను.