దువ్వెన పన్ను

అతుకుల మావయ్యకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్ళు మనిషిని బాగా ఎరిగినవాళ్ళే. ఆయన గొడుగులో సైకిలు స్పోకులు, కుర్చీ కాలికి పాత టైపురైటరు రాడ్డు, కళ్ళజోడుకు చెవి దగ్గర రాగితీగ. వయసులో ఉన్నప్పుడు టైపురైటర్లూ లెక్కల మిషన్లూ బాగుచేస్తూ ఆఫీసులన్నీ తిరిగాడు. ఆయన సంచీ దించగానే గుమాస్తాలు హాయిగా టీకి లేచేవారు. తర్వాత ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. మావయ్య దుకాణం ఇంటి ముందుగదిలోకి వచ్చింది, అక్కడినుంచి కిటికీ పక్క బల్లమీదికి కుంచించుకుపోయింది. ఏడాదిగా ఆ బల్లదగ్గరికి పని తెచ్చిన గిరాకీ ఒక్కరే, సొంత పెళ్ళాం.

ఆమె టింబర్ డిపోలో లెక్కలు చూస్తుంది. ఏ లారీలోకి ఎన్ని అడుగుల కలప ఎక్కాలో తేల్చడం ఆమె పని. డిపోలో ఆమె బల్లమీద పాతకాలపు ప్రింటింగ్ కాలిక్యులేటర్ ఒకటి ఉంది. అంకె నొక్కితే కటకటమని కాగితం చుట్టమీద అచ్చవుతుంది. దాని అద్దంలో అంకెలు వెలగడం ఎప్పుడో మానేశాయి, ఇక కాగితమే దిక్కు. ఆమెకు కావలసిందీ కాగితమే. ఒక్కో అంకె పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోతే గానీ ఆమెకు నిద్రపట్టదు. ఒకసారి కంప్యూటరు ముందు కూర్చోబెడితే, పైకి జరిగిపోయిన అంకెలు ఎక్కడికెళ్ళాయని దాని వెనక్కి తొంగి చూసింది.

పెద్ద ఓనరు పోయాక ఆయన కొడుకు కుర్చీ ఎక్కాడు. చెడ్డవాడేం కాదు.

"అత్తయ్యగారూ, ఈ మిషను నడిచినన్నాళ్ళూ మీరుండండి. ఇది మూలబడ్డ రోజు కంప్యూటరు పెట్టించుకుంటా" అన్నాడు నవ్వుతూ.

ఆమె ఇంటికొచ్చి ఆ మాట నవ్వుతూనే చెప్పింది. మావయ్యకు నవ్వు రాలేదు. పనికిరాకుండా ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆ రోగం ఆమెకు అంటకూడదన్నదొక్కటే ఆయన పంతం.

అలాంటిది ఒకరోజు మిషను మొండికేసింది. ఆమె దాన్ని తువ్వాలులో చుట్టి, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చింది.

విప్పితే లోపలంతా రంపపు పొట్టు. కాగితాన్ని లాగే రబ్బరు రోలరు కరిగి తారులా వేళ్ళకంటుకుంది. సిరా రోలరు ఎండి బిగుసుకుపోయింది. విడిభాగాలు అడుగుదామంటే దాన్ని తయారుచేసిన కంపెనీయే ఎప్పుడో మూతబడింది. మావయ్య స్పోకు కొనను రాయిమీద నూరి సన్నటి స్క్రూడ్రైవరు చేశాడు. కరిగిన రబ్బరు బదులు సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు కోసి ఇరుసుకు తొడిగాడు. ఎండిన సిరా రోలరుకు రబ్బరు స్టాంపుల సిరా పట్టించాడు. సాగిపోయిన కొక్కెం బదులు ఆమె తలపిన్ను వంచి పెట్టాడు.

"నా పిన్నులన్నీ దాని కడుపులోకే పోతున్నాయి" అందామె.

"నీ ఉద్యోగమూ అక్కడే ఉంది మరి" అన్నాడు తలెత్తకుండా.

స్విచ్చి వేస్తే మోటారు తిరిగింది గానీ అచ్చు పడలేదు. అంకెల డ్రమ్మును తిప్పే ప్లాస్టిక్ పళ్ళచక్రంలో ఒక పన్ను విరిగిపోయింది. తిరిగే డ్రమ్ముమీద సరైన అంకె ఎదురుకాగానే సుత్తి దెబ్బ పడాలి. చక్రం రవ్వంత వెనకబడితే ఎనిమిది పడాల్సినచోట ఏడు పడుతుంది. తలపట్టుకుని కూర్చున్న మనిషికి ఎదురుగా గూట్లో ఆమె దువ్వెన కనబడింది. దాని చివరి పన్ను విరిచాడు. కాల్చిన సూదితో చక్రంలో గంటు పెట్టి, పన్ను అందులో అతికించి, గోళ్ళు రుద్దుకునే ఆకురాయితో దాన్ని మిగతా పళ్ళకు సమంగా అరగదీశాడు.

ఈసారి కటకటమంది. కిటికీ దగ్గర చల్లగాలికి కూర్చుని సాయంత్రమంతా కూడికలు వేసి చూశాడు. ఒక్క అంకె తప్పలేదు. మిషను డిపోకు తిరిగి వెళ్ళింది. మావయ్య వీధిలో కాస్త ఛాతీ విరుచుకుని నడిచాడు కూడా. పాపం, ఆ ముచ్చట ఎన్నాళ్ళో సాగలేదు.

ఒక మధ్యాహ్నం చిన్న ఓనరు దగ్గర్నుంచి ఫోను వచ్చింది, ఒకసారి వచ్చి మిషను చూడమని. వెళ్ళేసరికి డిపో ముందు ఒక లారీ తిరిగొచ్చి నిలబడి ఉంది. ఇల్లు కట్టేవాడు కలప వంద అడుగులు తక్కువొచ్చిందని గొంతు చించుకుంటున్నాడు. బల్లమీద కాగితంలో అంకెలన్నీ ఒప్పే, ఒక్క మొత్తమే తప్పు. ఎనిమిది వందల నలభై ఆరుకు ఏడు వందల నలభై ఆరని పడింది.

మావయ్య మూత తీశాడు. రేకుల షెడ్డు వేడికి దువ్వెన పన్ను మెత్తబడి పక్కకు ఒరిగింది. ఇంట్లో చల్లగాలికి పరీక్ష పెట్టిన పెద్దమనిషికి ఈ షెడ్డు గుర్తుకే రాలేదు. దీని కింద ఆమెతో కలిసి ఎన్నిసార్లు అన్నం తిన్నాడో, ఎన్నిసార్లు చొక్కా తడిసి ముద్దయిందో.

"చెప్పండి మావయ్యగారూ, తప్పు మిషనుదా, అత్తయ్యగారిదా?" చిన్న ఓనరు మెల్లగానే అడిగాడు.

మావయ్య నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "మిషను బాగానే ఉంది బాబూ. మొత్తం తీసేటప్పుడు నేనే తప్పు మీట నొక్కాను. ఈమధ్య కళ్ళు ఆనడం లేదు."

అన్నేళ్ళలో ఒక్క అంగుళం తప్పని మనిషి ఆ మాట అంది. అని, భర్తవైపు చూసి, వద్దన్నట్టు తల ఆడించింది. తప్పు మిషనుదంటే మిషను పోతుంది, దాంతో ఆమె ఉద్యోగం కూడా. ఊరుకుంటే ఆమె ఉద్యోగమూ పోతుంది, పేరూ పోతుంది. ఎటు తిరిగినా గోడే. ఏం చెయ్యాలో తోచక, ఊడదీసిన మరలు ఒక్కొక్కటే బిగించాడు.

"పోనీలెండి అత్తయ్యగారూ, చాలా కష్టపడ్డారు. ఇక ఇంటిపట్టున ఉండండి. ఈ మిషను కూడా నాన్నగారి గుర్తుగా మీరే ఉంచుకోండి" అన్నాడు చిన్న ఓనరు. కసురుకున్నా తిరిగి ఒక మాట అనడానికి ఉండేది. మర్యాదగా అన్నవాడిని ఏమనగలరు?

ఇంటికొచ్చాక మావయ్య మిషనును కిటికీ దగ్గర పెట్టి, ఒరిగిన పన్నును పిన్నుతో నిలబెట్టి, అవే అంకెలు మళ్ళీ నొక్కాడు. ఎనిమిది వందల నలభై ఆరు. అచ్చు చక్కగా పడింది. ఆ కాగితం పట్టుకుని ఏడ్చేశాడు.

"తప్పు నీదని ఎందుకు చెప్పావు?"

ఆమె జడ విప్పుకుని, చివరి పన్ను లేని ఆ దువ్వెనతోనే తల దువ్వుకుంటోంది.

"మీరు బాగుచేసింది తప్పిందంటే రేపు మీ దగ్గరికి పనెవరు తెస్తారండీ?" అంది.

ఏడాదిగా ఆ బల్లదగ్గరికి తాను తప్ప ఎవరూ పని తేలేదని ఆమెకు తెలియదా? మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు. స్పోకు స్క్రూడ్రైవరు తీసుకుని, బాగానే నడుస్తున్న మిషనును మళ్ళీ విప్పడం మొదలుపెట్టాడు.